ఇరవై రెండు మెట్లు

లిఫ్టుకి కొలతలు తీసుకు రమ్మని
కంపెనీ పంపితే వెళ్ళాను తిరుపతికి.
దర్శనానికి కాదు.
చిత్తూరు వాణ్ణి, గంటన్నర దూరం,
కొండెక్కి పదకొండేళ్ళయింది.
తీరిక లేదని చెప్తుంటాను.

గోవిందరాజుల గుడి వెనక సందులో
పద్మావిలాస్ లాడ్జి.
కమాను మీద 1936, కింద తెలుగులో, అరవంలో పేరు.
తెలుగు పేరులో 'ద్మా' ఎప్పుడో రాలిపోయింది.
ఆటోవాళ్ళకి అది పవిలాసే.

కట్టించింది ఆరణి పట్టు వ్యాపారి,
రైలు దిగినవాళ్ళు కొండెక్కే ముందు
ఒక రాత్రి నడుం వాల్చడానికి.
బర్మా టేకు మెట్లు, ఇరవై రెండు.
ప్రతిదీ నడిమధ్యన గుంటపడి ఉంది.
పాదాలు తినగా మిగిలిన చెక్క.
నీళ్ళు పోస్తే నిలుస్తాయి.
అవి తీసేస్తే గాని లిఫ్టుకి చోటు లేదు.

"మూడువేల అయిదువందల యాభై ఎక్కుతామని వస్తారు సార్,
మా ఇరవై రెండుకి లిఫ్టు లేదా అంటారు"
అన్నాడు మునిరత్నం, వేణ్ణీళ్ళ బకెట్టు దించకుండానే.
నలభై ఏండ్లుగా అదే మోత.
కుడి భుజం ఎడమదానికన్నా ఒకటిన్నర అంగుళం కింద.
టేపు పెట్టలేదు, కంటికే తెలుస్తుంది.

ఏడో నంబరు గది.
ఇత్తడి స్విచ్చి, కిటికీలో సగం గోపురం,
దిండు మీద ఎవరి గుండుదో గంధం మరక.
అద్దం అంచున ఆడవాళ్ళు మరిచిపోయిన స్టిక్కరు బొట్లు.
నిద్రపట్టక లెక్కపెట్టాను, నలభై ఒకటి.
ఒకటి పీకబోయి
ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

రెండున్నరకి లాడ్జి లేచింది.
బకెట్ల చప్పుడు, చన్నీళ్ళకి పిల్లల ఏడుపు,
ఆవలింత మధ్యలో ఎవరిదో సగం గోవింద,
ఒంటి చెప్పు కోసం వెతుకులాట.
పలమనేరు నుంచి వచ్చిన పదకొండుమంది
అలిపిరికి బయల్దేరారు, పదిమందే.

"నువ్వు తెల్లారినాక బస్సులో రా అవ్వా."
"మీరు పొయ్యేసి రాండి. నాకు ఈడ పని ఉండాది."

పగలు జనం తెగరు గనక
నేనూ ఆ వేళకే టేపు తీశాను.
పైనుంచి మొదలుపెట్టి
ఒక్కో మెట్టు దగ్గరా గొంతుక్కూచుని,
ఎత్తు ఆరున్నర, వెడల్పు మూడడుగుల నాలుగంగుళాలు,
పెన్ను నోట్లో, టార్చి చంకలో.

కిందనుంచి ఆమె వస్తోంది.
నడిచి కాదు. కూర్చుని, మెట్టు మెట్టుకీ జరుగుతూ.
పౌడరు డబ్బాలో పసుపు, పేపరు పొట్లంలో కుంకుమ.
ఒక పూత, ఒక బొట్టు, ఒక నిట్టూర్పు,
మళ్ళీ చేతుల మీద ఒళ్ళు లేపుకుని పైమెట్టు.

మధ్యలో ఎదురుపడ్డాం.

"ఏం నాయినా, నీదీ మొక్కుబడేనా?"
వంగి వంగి చూసుకుంటూ వస్తున్నవాణ్ణి,
కాదని ఎలా చెప్పను.
"అట్లాంటిదే అవ్వా."
"ఎన్నయినాయి?"
"పన్నెండు."
"నాకు పది. మోకాలు ఇంక రానంటా ఉండాది.
పైవి నువ్వు పెట్టు."
డబ్బా నా చేతిలో పెట్టింది.
అడిగానా, లేదా, గుర్తులేదు,
కిందవి కొలవడానికి టేపు కొస తను పట్టుకుంది.

దిగినప్పుడు అంకెలేసిన మెట్లకే
ఎక్కుతూ పసుపు పూశాను, వంకరటింకరగా.
కుప్పమ్మట పేరు. కింద కూర్చునే చెప్పింది,
"ఆ మూలకి అంటలే, సరిగ్గా పుయ్యి."

తెల్లారి మునిరత్నం మెట్లు కడగలేదు.
బకెట్టుతో అంచుల వెంట నడిచాడు.

రిపోర్టులో అన్నీ రాశాను.
'ఇతర విషయాలు' అన్న చోట గీత పెట్టాను.
తర్వాత ఆ ఫైలు వేరేవాళ్ళకి పోయింది.
లిఫ్టు వచ్చిందో లేదో,
మళ్ళీ ఆ సందులోకి పోలేదు.

నిన్న చిత్తూరులో కొత్త ఆస్పత్రికి కొలతలు.
అటు కొస పట్టుకున్న కుర్రోడు అడిగాడు,
"ఏంది సార్, మూడడుగుల కాడ తుప్పు పట్టినట్టుంది?"
"తుప్పు కాదులే,
గట్టిగా పట్టుకో" అన్నాను.